పై అరలో పంచదార

సత్యలక్ష్మి పొట్టిది. ఆమె గురించి ఎవరు చెప్పినా ముందు ఈ మాటే చెబుతారు కాబట్టి మనమూ ఇక్కణ్నుంచే మొదలుపెడదాం. గొలుగొండ అవతల చెరకు తోటల్లో పుట్టి పెరిగింది. తోటలో దూరిందంటే చెరకు కొట్టడం మాని పిల్లని వెతుక్కోవాలి అని వాళ్ల నాన్న నవ్వేవాడు. ఆ నవ్వులో ముద్దుండేది. పెళ్లయి నర్సీపట్నం వచ్చాక ముద్దు పోయి, పొట్టిదన్న మాట ఒక్కటే మిగిలింది.

అత్తగారు గున్నమ్మ పొడగరి. ఆమె గుమ్మంలో నిలబడితే లోపల గదిలో వెలుతురు తగ్గేది. కొడుకు బుల్లిబాబు పాలు మానకముందే మొగుడు పోయాడు. ఏజెన్సీ సంతల్లో చింతపండు కొని తెచ్చి అమ్ముకుని, అడ్డాకుల విస్తర్లు కుట్టుకుని కొడుకుని పెంచింది, ఊళ్లో ఇల్లు కట్టింది. కట్టేటప్పుడు వంటింటి గోడకి సిమెంటు అరలు దగ్గరుండి పోయించుకుంది. పై అర అంత ఎత్తులో దేనికమ్మా అని మేస్త్రీ అడిగితే, "నాకందుతాది. నీకేటి?" అందట.

కింది అరలో ఉప్పు, కారం, పప్పులు. మధ్య అరలో గిన్నెలు. పంచదార, బెల్లం, నెయ్యి, ఆవకాయ జాడీ, ఇంట్లో నాలిక్కి రుచైనదేదైనా సరే, పై అరలోకి వెళ్లేది. గున్నమ్మ చెయ్యి చాపితే అందేది. సత్యలక్ష్మి మునివేళ్ల మీద లేచి, గోడకి అతుక్కుని, వేళ్లు ఎంత సాగదీసినా అర అంచు తగిలేది కాదు.

"అత్తా, టీలోకి పంచదార."

గున్నమ్మ బేగి లేచేది కాదు. చేతిలో పని పూర్తిచేసుకుని, చీర కుచ్చిళ్లు దులుపుకుని వచ్చి, డబ్బా దించి, కోడలి చేతిలో ఉన్న చెంచాలోకి వంచి, చెంచాని వేలితో సమంగా రాసి, మిగిలింది డబ్బాలోకి నెట్టి మళ్లీ పైన పెట్టేది. పుట్టింటివాళ్లు వచ్చినప్పుడూ అంతే. సొంత అన్నకి టీ ఇవ్వాలన్నా సత్యలక్ష్మి వాళ్ల ముందే అడగాలి.

"కింద పెడితే సీమలెక్కుతాయే. నీకందకపోతే అడగాల. అడిగితే ఇత్తాను, నానేటి లేదన్నానా?" అనేది గున్నమ్మ.

ఇంట్లో పీట ఒకటే. దాని మీద గున్నమ్మ కూర్చునేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అత్త బజారుకెళ్లిందని చూసి, సత్యలక్ష్మి స్నానాల గదిలోని బకెట్టు తెచ్చి బోర్లించి ఎక్కింది. డబ్బా మూత తీసి, ఒక చిటికెడు పంచదార నోట్లో వేసుకుంది. అది కరిగేలోపే గున్నమ్మ వెనక్కి వచ్చింది. ఆమె అరవలేదు. చెయ్యి ఎత్తలేదు. వెళ్లి వీధి తలుపు బార్లా తీసి, పక్కింటివాళ్లనీ ఎదురింటివాళ్లనీ పేరుపేరునా పిలిచింది.

"రండమ్మా, రండి. మా కోడలు బకెట్టెక్కింది. సూసెల్లండి, టిక్కెట్టు లేదు."

అందరూ వచ్చారు. సత్యలక్ష్మి బకెట్టు మీదే నిలబడి ఉంది. దిగితే వాళ్ల మధ్యలోకి దిగాలి. పక్కింటి ప్రేమావతి, కాన్వెంటులో ఆయాగా చేసే మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఆ వీధిలో సత్యలక్ష్మి పేరు బకెట్టు కోడలు. రేషన్ కొట్టు దగ్గర వరసలో నిలబడితే, "బకెట్టమ్మా, ముందుకి జరుగు" అనేవారు. బుల్లిబాబు కూడా, మంచి ఊపులో ఉన్నప్పుడు, "ఒసే బకెట్టూ" అని పిలిచేవాడు. అతను యలమంచిలికి గూడ్స్ ఆటో తోలేవాడు. పొద్దున్న పోతే దీపాలు పెట్టాకే రావడం.

కూతురు పుట్టింది. నడక వచ్చింది, మాటలొచ్చాయి. బెల్లంముక్క కావాలంటే ఆ పిల్ల పొయ్యి దగ్గరున్న తల్లిని దాటుకుని, "మామ్మా, బెల్లం" అని వీధి గుమ్మం దాకా పరిగెత్తేది. అడిగినా లేనిచోట పిల్లలు ఎందుకడుగుతారు? సత్యలక్ష్మి అది చూసేది. చూసి కూర కలిపేది.

ఇక భుజం సంగతి.

గున్నమ్మకి ఎడంచెయ్యి ఎప్పుడో పోయింది. వయసులో ఉన్నప్పుడు సంత నుంచి చింతపండు బస్తాల మీద కూర్చుని వస్తూ జీపులోంచి పడితే, రావికమతం వైపు కట్టు కట్టే ఒకాయన ఆకుపసరు వేసి బద్దలు కట్టాడు. ఎముక అతుక్కుంది కానీ చెయ్యి మాత్రం గుండెల దాకా లేచి ఆగిపోయేది. అందుకే ఆమె బతుకంతా కుడిచేతి మీద నడిచింది. షుగరొచ్చిన కొన్నేళ్లకి ఆ కుడి భుజం కూడా పట్టింది.

మొదటి రోజు సత్యలక్ష్మికి బాగా గుర్తు. గున్నమ్మ పంచదార డబ్బా కోసం చెయ్యెత్తింది. చెవి దాకా లేచిన చెయ్యి అక్కడే నిలబడిపోయింది. "అబ్బా" అంది. అత్త నోట ఆ మాట కోడలు అంతకుముందు వినలేదు. సత్యలక్ష్మి పొయ్యి దగ్గర్నుంచి చూసింది. గరిటె తిప్పడం మాత్రం ఆపలేదు.

చెయ్యి రోజురోజుకీ కిందికి దిగింది. చెవి దగ్గర్నుంచి దవడకి, దవడ నుంచి భుజానికి. కొప్పు తనే వేసుకునే మనిషి జుట్టు విరబోసుకుని కూర్చోవలసి వచ్చింది. ఒక సాయంత్రం సత్యలక్ష్మి మొగుడితో మెత్తగా అంది.

"అత్త సెయ్యెత్తలేకపోతంది మావా. పై అరలోవి కిందికి దించీ. పాపం."

బుల్లిబాబు అన్నీ దించేశాడు. సత్యలక్ష్మి ఆ పూట టీ పెట్టుకుని, చెంచా రాయకుండా కుప్పగా పంచదార వేసుకుని, వంటింటి నడిమధ్య నిలబడి తాగింది. అంత తియ్యటి టీ నోటికి బాగోలేదు. అయినా గ్లాసు అడుగు దాకా తాగింది. కాసేపటికి కూతురు వచ్చి వీధి గుమ్మం వైపు చూసి, అరల వైపు చూసి, "అమ్మా, బెల్లం" అంది. సత్యలక్ష్మి పిల్ల పిడికిట్లో పట్టనంత ముక్క విరిచి పెట్టింది.

ఆ చెయ్యి మళ్లీ పై అర దాకా లేవకూడదు. ఆ రోజు నుంచి ఆమెకి కావలసింది ఈ ఒక్కటే. ఎవరికీ చెప్పుకునే కోరిక కాదు. పైకి చెప్పేది, "మా అత్తకి బేగి తగ్గిపోవాల" అని.

బుల్లిబాబు తల్లిని బస్ కాంప్లెక్స్ దగ్గరున్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. తోడుగా పెళ్లాన్నీ తీసుకెళ్లాడు. అక్కడ షర్మిల మేడమ్ అని ఒకావిడ గున్నమ్మ చెయ్యి పట్టుకుని ముందుకీ పక్కకీ లేపి చూసింది. గున్నమ్మ పళ్లు కరుచుకుంది.

"భుజం కీలు చుట్టూ పొర బిగుసుకుపోయిందమ్మా. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ. మాత్రలతో నొప్పి తగ్గుతుంది, చెయ్యి మాత్రం లేవదు. మీరే లేపాలి, రోజూ, కొంచెం కొంచెం."

ఎడంచెయ్యి చూసి, ఇది పాతది, ఇంక ఇంతే అంది. "కుడిచెయ్యి కూడా ఇలా వదిలేశారనుకోండి, రెండోది కూడా దీనికి జతవుతుంది. అప్పుడు అన్నం ముద్ద తప్ప మీ చేత్తో మీరేమీ చేసుకోలేరు."

ఎలా చెయ్యాలో చూపించింది. ముందుకు వంగి, చెయ్యి వేలాడేసి, ఊరికే ఊపడం. తలుపు పైనుంచి తాడు వేసి, ఒక కొస ఎడంచేత్తో కిందికి లాగి, రెండో కొస పట్టుకున్న కుడిచేతిని పైకి తేవడం. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లని చీమల్లాగ గోడ మీద పైకి నడిపించడం. నొప్పి మొదలయ్యేదాకా వెళ్లడం, అక్కడ కాసేపు ఆగడం.

గున్నమ్మ మొహం ముడుచుకుంది. "నొప్పి కోసం నొప్పెట్టుకోడం ఏటమ్మా? నావల్ల కాదు."

షర్మిల మేడమ్ నవ్వి, కోడలి వైపు తిరిగింది. "ఇలాంటివాళ్లకి ఒక ఉపాయం ఉంది. ఇంట్లో ఈవిడకి బాగా ఇష్టమైనది ఏంటి?"

"సుట్టండి. అడ్డపొగ తాగుతాది" అంది సత్యలక్ష్మి. గున్నమ్మ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది, ఆ వైపు పెద్ద ఆడవాళ్ల అలవాటే అది.

"ముందు అది మానెయ్యాలి."

"ప్రాణం పోయాక మానేత్తానమ్మా."

"అంతేలెండి. అయితే ఆ చుట్టలనే అందీ అందనంత ఎత్తులో పెట్టండి. ఆవిడే తీసుకోవాలి. అందాక ఇంకొంచెం పైన పెట్టండి. బలవంతం చెయ్యకండి, చేతికి మాత్రం ఇవ్వకండి."

సత్యలక్ష్మి ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. "సేతికి ఇవ్వొద్దా అండీ?"

"ఇవ్వొద్దు."

బుల్లిబాబు పక్కనే ఉండి విన్నాడు. దారిలో మేకులు తనే కొన్నాడు.

సత్యలక్ష్మి పీట తెచ్చుకుంది. అత్త పీట. దాని మీదెక్కి వంటింటి గోడకి నిచ్చెనలాగ ఒకదాని మీద ఒకటి మేకులు కొట్టింది. చుట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టి, గున్నమ్మ చెయ్యి ఆగేచోటికి జానెడు పైన తగిలించింది. ముసల్ది నొప్పికి ఓర్చుకోలేక మొదట్లోనే మానేస్తుందని ఆమె లెక్క. మానేస్తే తన తప్పు ఉండదు. ఆలోపు అత్త చేత అడిగించుకోవచ్చు.

"ఒలే సత్తీ, సుట్టియ్యే."

"గోడనుంది కదత్తా. తీసుకో."

"అందట్లేదే."

"అందకపోతే అడగాల."

"అడుగుతున్నాను కదే!"

"అడిగేవు, నిజమే. ఇచ్చీద్దును, మేడం వద్దంది." సత్యలక్ష్మి కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే అనేది. "గోడ మీద ఏళ్లు నడిపించు. సీమలాగ. నడిపించత్తా, నీకు సీమలంటే తెలుసు కదా."

గున్నమ్మ గోడ దగ్గర నిలబడేది. వేళ్లు పాకేవి. ఆగేవి. నుదుట చెమట పట్టి, నోట్లోంచి ఒక సన్నటి మూలుగు వచ్చేది. కవరు మూల వేలికి తగిలీ తగలకుండా ఊగేది. ఒకసారి చీపురు కర్రతో కొట్టి పడేద్దామని చూసింది. ఆ సాయంత్రానికి చీపురు, దాంతోపాటు పీట కూడా పెరట్లోకి వెళ్లిపోయాయి. ఇంకోసారి కన్నీళ్లు కారి గడ్డం దాకా వస్తే, వాటిని తుడుచుకోవడానికి ఆమె తల దించి మోచేతికి మొహం రుద్దుకుంది. సత్యలక్ష్మి తువ్వాలు చేతిలో పెట్టుకుని నిలబడి, ఆ రుద్దుకోవడం అయ్యేదాకా చూసింది.

ప్రేమావతి పెరుగు తోడుకి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "అదేంటే సత్యా, పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఇచ్చెయ్యొచ్చు కదే ఒక చుట్ట."

"నాకు మాత్రం మనసు లేదేటి వదినా? వైద్యం. నువ్వు కూడా సెప్పు, బేగి లేపమని."

"లేపు పిన్నీ, లేపు" అంది ప్రేమావతి. గున్నమ్మ తన వైపు చూసిన చూపుకి ఆవిడ పెరుగు తోడు తీసుకోవడం మర్చిపోయి వెళ్లిపోయింది.

బుల్లిబాబు ఒకరోజు అన్నం తింటూ, "మరీ అంతేటే?" అన్నాడు. సత్యలక్ష్మి సెల్‌ఫోన్ తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. "మేడానికి సెయ్యి. ఎంత సెయ్యాలో నువ్వే అడుగు." అతను చెయ్యలేదు.

కానీ చుట్ట మీద ఆశ మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో సత్యలక్ష్మికి తెలియదు. ఆమెకి అలాంటి అలవాటేదీ లేదు. కవరు వేలికి అందిన రోజున గున్నమ్మ దాన్ని లాక్కుని, గోడకి జారబడి, నిప్పు నోట్లోకి తిప్పుకుని ఒక్క దమ్ము లాగి కళ్లు మూసుకుంది. సత్యలక్ష్మి మర్నాడు పై మేకుకి తగిలించింది. అదీ అందింది. ఇంకో మేకు. ఏడిపించే ఆనందంలో ఆమె మేకుల్ని లెక్క చూసుకోలేదు.

క్లినిక్‌లో మళ్లీ చూపించినప్పుడు షర్మిల మేడమ్ చెయ్యి లేపి ఆశ్చర్యపోయింది. "ఎంత బాగా వచ్చిందో! ఈ వయసులో ఇంత తొందరగా రావడం కష్టం. అమ్మా, మీ కోడలికి మీరు దండం పెట్టాలి. ఏం చేస్తున్నావో గానీ తల్లీ, అదే చెయ్యి. ఇంకొక్క రెండు నెలలు చేయించు, చెయ్యి పూర్తిగా పైకి లేస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు గున్నమ్మ ఆటోలో కూర్చుని, కుదుపుకి చటుక్కున చెయ్యెత్తి పైన రాడ్డు పట్టుకుంది. పట్టుకున్నాక తనే చూసుకుని ఆ చెయ్యి దించలేదు. ఇల్లు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్న సత్యలక్ష్మి నెత్తికి పైగా ఉంది ఆ చెయ్యి. ఆమె ఏడిపించి ఏడిపించి తన చేతులతో తనే లేపిన చెయ్యి.

ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్న పట్కారు తీసుకుని గోడకున్న మేకులన్నీ పీకేసింది. చుట్ట వెలిగించి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"ఇదేటే?"

"నిన్ను సానా ఏడిపించేనత్తా. మేడం సెప్పిందని సేసేను గానీ, రాత్రుళ్లు నిద్దర పట్టేది కాదు. సాలింక. సెయ్యి సగానికి పైగా వచ్చీసింది కదా."

గున్నమ్మ అనుమానంగానే పుచ్చుకుంది. మధ్యాహ్నం కోడలు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. సాయంత్రం తలకి నూనె రాసి, చిక్కు తీసి, కొప్పు వేసి, మందారం పెట్టింది. వీపు రుద్ది స్నానం చేయించింది. మంచినీళ్లు, మాత్రలు, విసనకర్ర, టీవీ రిమోటు, అన్నీ ఒళ్లోకే వచ్చేవి. గోడ వైపు వెళ్లబోతే, "ఎందుకత్తా ఆ నొప్పి?" అని చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టేది. తలుపుకి కట్టిన తాడు బట్టలారేసుకోవడానికి పెరట్లోకి వెళ్లింది. క్లినిక్‌కి వెళ్లవలసిన రోజున, మేడం ఊళ్లో లేదట అంది.

వీధి వీధంతా సత్యలక్ష్మిని మెచ్చుకుంది. "కోడలంటే నీదే పిన్నీ" అంది ప్రేమావతి. "ఆదివారం చర్చిలో నీ కోడలి గురించి చెప్పుకున్నాం మేము." రేషన్ కొట్టు దగ్గర ఎవరూ బకెట్టు మాట ఎత్తలేదు. గున్నమ్మ కూడా మెత్తబడింది. ముద్ద నోట్లో పెట్టుకుని, "నాను కూతుర్ని కనలేదే. కన్నా ఇంత సెయ్యదు" అంది ఒకరోజు. ఆ మాటకి సత్యలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. అయినా మర్నాడు చుట్ట వెలిగించి చేతికే ఇచ్చింది.

చెయ్యి మళ్లీ దిగుతోందని ముందు తెలిసింది సత్యలక్ష్మికే. తల దువ్వేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు ఆమె ఆ భుజాన్ని కొలుస్తూనే ఉంది.

గున్నమ్మకి ఒక మధ్యాహ్నం తెలిసింది. మంచం మీద కూర్చుని ఉంది. కొప్పు వదులై పిన్ను జారింది. అలవాటుగా చెయ్యి వెనక్కి పోబోయి, దవడ దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి ఎత్తింది. అక్కడే ఆగింది. ఆమె చెయ్యి దించి, ఒళ్లో ఉన్న ఎడంచేతి పక్కన పెట్టుకుని, రెంటినీ చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పి వంటింటి వైపు చూసింది.

సత్యలక్ష్మి అక్కడే నిలబడి ఉంది. మొహం మీద నవ్వు దాచుకోవడం ఆలస్యమైంది.

"ఒలే" అంది గున్నమ్మ నెమ్మదిగా. "మేకులెట్టే."

"ఏటత్తా?"

"గోడకి మేకులెట్టు. నా సుట్టలు అక్కడెట్టు."

"నిన్ను మళ్లీ ఏడిపించమంటావేటి? నలుగురూ నన్నేటంటారు?" సత్యలక్ష్మి వచ్చి పిన్ను తీసి కొప్పులో గుచ్చింది. కొంచెం లోపలికే గుచ్చింది. "నువ్వు రాణీలాగ కూకో. నీ పనులు సెయ్యడానికి నాను లేనేటి? నీ వంటిల్లు సూసుకోడానికి నాను లేనేటి?"

కొడుకు వచ్చాక గున్నమ్మ ఫిర్యాదు చేసింది. "ఒరే బుల్లీ, ఇది నాకు అన్నీ సేతికిత్తందిరా."

బుల్లిబాబు విరగబడి నవ్వాడు. "ఇవ్వకపోతే ఏడిసేవు. ఇత్తే ఏడుత్తన్నావు. నీ కోడలు ఏటి సెయ్యాలో నువ్వే సెప్పమ్మా."

"నా సెయ్యి సంపేత్తందిరా."

"అన్నం ముద్దలు పెట్టి సంపుతాదేటే ఎవరైనా?" అన్నాడు. ఆటో స్టాండులో కూడా చెప్పుకుని నవ్వారట. ప్రేమావతికి చెబితే, "వయసు మీద పడితే ఇంతే, మంచి కూడా చెడ్డగానే కనిపిస్తుంది" అని సత్యలక్ష్మి భుజం తట్టి వెళ్లింది. గున్నమ్మ ఇంక ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఒక రోజు పొద్దున్నే ఆమె మంచం దిగి వంటింట్లోకి నడిచింది. సత్యలక్ష్మి కొత్త చుట్టల కవరు అప్పుడే ఆమె చేతిలో పెట్టింది. గున్నమ్మ గోడకి ఎదురుగా నిలబడి, పై అరని ఒకసారి చూసింది. చెయ్యి కిందినుంచే ఊపి, కవర్ని పైకి విసిరింది. మొదటిసారి అంచుకి తగిలి కింద పడింది. వంగి తీసుకుని మళ్లీ విసిరింది. ఈసారి అది ఖాళీగా ఉన్న పై అరలో, గోడ మూలకి వెళ్లి పడింది.

గున్నమ్మ పీట లాక్కుని గోడ పక్కనే కూర్చుంది.

"అదేటత్తా సేసేవు?" సత్యలక్ష్మి కంగారుపడింది. "లే, పీటియ్యి. తీసిత్తాను."

"ఇవ్వను."

"నువ్వు సుట్ట లేకుండా ఉండలేవు."

"ఉండలేను. అందుకే అక్కడెట్టేను."

సత్యలక్ష్మి మునివేళ్ల మీద లేచింది. అందలేదు. ఆ కవరు అక్కడుంటే ముసల్ది దాని కోసం గోడ పాకుతుంది, పాకితే చెయ్యి లేస్తుంది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. పరిగెత్తి బకెట్టు తెచ్చి బోర్లించి ఎక్కింది. సరిగ్గా అప్పుడే ప్రేమావతి గిన్నె పట్టుకుని తోడుకి వచ్చింది.

"ఓలమ్మ! మళ్లీ బకెట్టేంటే సత్యా?"

సత్యలక్ష్మి బకెట్టు మీద నిలబడిపోయింది. చేతిలో చుట్టల కవరు ఉంది. చెవుల దాకా ఎర్రబడింది. గున్నమ్మ పీట మీద కూర్చునే, తీపి గొంతుతో అంది.

"నాకు అందిద్దామని ఎక్కింది తల్లీ. వద్దన్నా ఇనదు. పిచ్చి ప్రేమ దానికి నానంటే. సత్తీ, అక్కడే ఎట్టీయమ్మా. ప్రేమా, నువ్వు పనికెల్లే ముందు రోజూ ఓసారి వచ్చి నా ఎక్సర్‌సైజు సూసెల్తావేటి? ఇది ఉంటే నాకు సెయ్యడానికి మనసొప్పదు. సేతికి ఇచ్చేత్తాది."

"ఎందుకు రాను పిన్నీ?" అంది ప్రేమావతి. "సత్యా, అక్కడే పెట్టు. మేడం కూడా అదే కదా చెప్పింది? నువ్వు మరీ గారాబం చేస్తున్నావు."

సత్యలక్ష్మి కవరు పై అరలో పెట్టి దిగింది. బకెట్టు చప్పుడైంది.

ప్రేమావతి మాట నిలబెట్టుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి, వేళ్లు ఎక్కడిదాకా పోయాయో చూసి, గోడ మీద బొగ్గుతో గీత పెట్టేది. పెరట్లో తాడు మళ్లీ తలుపు మీదికి వచ్చింది. చుట్ట లేకుండా గున్నమ్మ ఒళ్లు వణికేది, తల పగిలేది, కోడల్ని నోటికొచ్చినట్టు తిట్టేది, కానీ చేతికిస్తే తీసుకునేది కాదు. బయట కొన్న చుట్ట సత్యలక్ష్మి వెలిగించి మంచం దగ్గర పెడితే, అది చివరిదాకా కాలి బూడిదైపోయింది. గున్నమ్మ దాన్ని చూస్తూ కూర్చుంది. గీతలు పైకి పోతున్నాయి. సత్యలక్ష్మి వంట చేస్తూ వాటికి వీపు పెట్టి నిలబడేది. వేళ్లు గోడ మీద పాకే చప్పుడు వినపడుతూనే ఉండేది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆ చప్పుడు ఆగింది. సత్యలక్ష్మి బజారు నుంచి తోటకూర తెచ్చుకుని వచ్చేసరికి ఇల్లంతా చుట్ట వాసన. గున్నమ్మ వీధి గుమ్మంలో పీట మీద కూర్చుని అడ్డపొగ తాగుతోంది. తల నున్నగా దువ్వి ఉంది. కొప్పు తనే వేసుకుంది.

సత్యలక్ష్మి లోపలికెళ్లి టీకి నీళ్లు పెట్టింది. కింది అర మీదికి చెయ్యి పోయింది. అక్కడ ఉప్పు, కారం, పప్పులు ఉన్నాయి. ఆమె తల ఎత్తింది. పంచదార, బెల్లం, నెయ్యి, ఆవకాయ జాడీ, వరసగా, పాత చోటనే ఉన్నాయి.

నీళ్లు మరిగాయి. మొగుడు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "టీ ఏదే?" అని కేకేశాడు.

"పంచదార పైనుంది" అంది సత్యలక్ష్మి.

"అయితే అమ్మనడుగు. మొన్న మేడం సెప్పింది కదా, సెయ్యి లేసిందని మానేత్తే మళ్లీ బిగుసుకుపోతాదని. రోజూ పైనున్నది ఏదో ఒకటి తీత్తా పెడతా ఉండాలట. నువ్వు ఎన్నిసార్లు అడిగితే అమ్మకి అంత మంచిది."

కూతురు బడి సంచి పడేసి, పొయ్యి దగ్గరున్న తల్లిని దాటుకుని, "మామ్మా, బెల్లం" అంటూ గుమ్మం వైపు పరిగెత్తింది.

గున్నమ్మ చుట్ట ఆర్పి, చీర కుచ్చిళ్లు దులుపుకుని వచ్చి, గోడ దగ్గర నిలబడింది. నిలబడి ఆగింది.

"అత్తా" అంది సత్యలక్ష్మి.

"ఏటి?"

"టీలోకి పంచదార."

గున్నమ్మ కుడిచెయ్యి నెమ్మదిగా లేచింది. భుజంలో ఎక్కడో టక్కుమంది. నొప్పికి ఆమె పెదవి వంకర పోయింది, అయినా చెయ్యి ఆగలేదు, కోడలి నెత్తి మీదుగా పై అర దాకా వెళ్లి డబ్బాని అందుకుంది. చెంచాలోకి వంచి, వేలితో సమంగా రాసి, మిగిలింది లోపలికి నెట్టింది. డబ్బా మళ్లీ పైన పెట్టి, అక్కడే నిలబడి భుజం రుద్దుకుంది.

"ఇంకోసారి అడగవే" అంది. "నాకు మంచిది."

సత్యలక్ష్మి ఇంకోసారి అడిగింది.